"జైసే థే" అంటే తెలియని రోజు

"మా తమ్ముడు అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు, వచ్చే నెలలో వెళ్లాలి. శిక్షణలో అన్నిటికంటే కష్టమైన రోజు ఎలా ఉంటుంది? ముందుగా ఏమి నేర్చుకోవాలి?" అని అడిగారు. నాకు జరిగింది చెబుతాను.

నేను 2009లో సైన్యంలో చేరాను. శిక్షణ సెంటర్ పేరు వద్దు, దక్కన్ పీఠభూమి మీద రాళ్లగుట్టల మధ్య ఉంటుందంటే చాలు. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. అప్పటికి తూర్పు గోదావరి, ఇప్పుడు కోనసీమ జిల్లా. వీపున పిట్టూ అనే బరువు సంచి, చేతిలో తుపాకీతో 5 కిలోమీటర్లు పరిగెత్తే పరీక్ష గురించి అందరూ భయపెడతారు. అది వచ్చేసరికి ఒళ్లు రాటుదేలిపోయింది. నన్ను నిజంగా ఏడిపించింది రెండో వారంలో ఒక శనివారం.

ఆ రోజు తెల్లవారుజామున పరుగుతోనే తేడా కొట్టింది. ఊళ్లో రెండేళ్లు కాలువ గట్టు మీద సాధన చేసినవాణ్ని. ఒండ్రుమట్టి కాలిని ముద్దు చేస్తుంది. పైగా మా డెల్టాలో ఎత్తు అంటే నాకు తెలిసినది అక్విడెక్టు ఒక్కటే. అక్కడ నేలంతా గులకరాళ్లు, అందులోనూ ఏటవాలు. ఎక్కేటప్పుడు ఊపిరి చాలలేదు, దిగేటప్పుడు మోకాళ్లు నా మాట వినలేదు. ముందు పదిమందిలో ఉంటానని ధీమాగా ఉన్నవాణ్ని, చివరి నుంచి నాలుగోవాణ్నయ్యాను. భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు ఇస్తారు కదా, ఆ మార్కులు చూసుకుని మీ తమ్ముడు మురిసిపోతే కష్టం. ఈ నెల రోజులైనా గట్టు వదిలి తారురోడ్డు మీద, బూట్లతో పరిగెత్తమనండి.

అసలు కథ డ్రిల్లు మైదానంలో జరిగింది. సావధాన్, విశ్రామ్ బడి ప్రార్థనలో నేర్చుకున్నవే. నా హిందీ అక్కడితో సరి. దాహినే అంటే కుడి, బాయేఁ అంటే ఎడమ అని మొదటి వారంలో పక్కవాళ్లను చూసి పట్టేశాను. ఆ శనివారం మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ "దాహినే ముడ్" అన్నాడు, తిరిగాం. ఎవరో తప్పు తిరిగినట్టున్నారు, వెంటనే "జైసే థే!" అని గర్జించాడు. నాకు "జై" ఒక్కటే చెవిన పడింది. ఆగస్టు పదిహేను నాటి అలవాటు ఊరుకుంటుందా? గొంతు చించుకుని "హింద్!" అన్నాను.

స్క్వాడ్ మొత్తం మళ్లీ మొదటి వైపుకు తిరిగింది. నేను ఒక్కణ్నే కుడివైపు చూస్తూ, రాజస్థాన్ కుర్రవాడొకడి చెవికి ముఖం ఆనించి నిలబడ్డాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకూ, నా అరుపుకూ కలిపి అందరికీ రగ్డా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష, పడింది. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరకు పిల్లిమొగ్గలు, తిరుగు దారిలో మోచేతుల మీద పాకడం. నేను చేసిన తప్పుకు నన్ను శిక్షిస్తే భరించేవాణ్ని. నా వెనుక ఆ రాజస్థాన్ కుర్రవాడు మోచేతులు కొట్టుకుపోయి ఆయాసపడుతున్న చప్పుడు వింటూ పాకడం మాత్రం ఇప్పటికీ తలచుకోవాలనిపించదు. వాడు నన్ను తిట్టలేదు. తిట్టినా నాకు అర్థమయ్యేది కాదనుకోండి.

సాయంత్రం తాడు ఎక్కడం. పోయిన పరువు ఇక్కడ నిలబెట్టుకుందామనుకున్నాను. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు, నేను పన్నెండో ఏట నుంచి చెట్లు ఎక్కుతున్నాను. అదే కొంప ముంచింది. కొబ్బరిచెట్టును రెండు అరికాళ్లతో అదిమిపట్టి, కావలించుకుని ఎక్కుతాం. చెట్టు కదలదు. తాడు ఊగుతుంది, అరికాళ్ల మధ్య నిలవదు. దాన్ని ఒక పాదం పైనుంచి తీసుకుని రెండో పాదం అడుగున నొక్కి తాళం వేయాలి. సగం ఎత్తులో కాళ్లు జారాయి, చేతులు వదలకుండా అలాగే కిందికి వచ్చాను. అరచేతుల్లో తోలు లేచిపోయింది. పిడికిళ్లు మూసుకుని వరుసలో నిలబడ్డాను.

ఉస్తాద్ పట్టు చూపించి "సమ్‌ఝా?" అన్నాడు. "జీ ఉస్తాద్" అనాలి. నోరు జారి మా కోనసీమ మాట వచ్చేసింది: "ఆయ్!" ఆయన దాన్ని నొప్పి అనుకున్నాడు. పిడికిళ్లు విప్పించి చూశాడు. ఏమీ అనలేదు. తన జేబురుమాలు చుట్టి, వైద్యం చేసే ఎం.ఐ. రూముకు పంపించాడు. నా భాష నాకు ఉపకారం చేసింది ఆ రోజంతటికీ అప్పుడొక్కసారే.

ఇప్పుడు ప్రవేశపరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. మైదానంలో ఆజ్ఞలు మాత్రం హిందీలోనే వస్తాయి. అందుకని మీ తమ్ముడికి దండీలతోపాటు ఓ యాభై మాటలు నేర్పించండి. థమ్ (ఆగు), తేజ్ చల్ (వేగంగా నడువు), పీఛే ముడ్ (వెనక్కి తిరుగు), ఊపర్ (పైకి), నీచే (కిందికి) ఇలాంటివి. మొట్టమొదట జైసే థే.

నాకు నేర్పింది మిలిటరీ మాధవరం కుర్రవాడు. తాడేపల్లిగూడెం దగ్గర ఉంది ఆ ఊరు, మొదటి ప్రపంచయుద్ధం నుంచీ సైన్యానికి మనుషులను పంపుతోంది. వాడికి ఈ మాటలన్నీ తాతల దగ్గరే వచ్చేశాయి. "ముందు ఎలా ఉన్నావో అలా అయిపోమనిరా దాని అర్థం" అన్నాడు ఆ రాత్రి, నవ్వాపుకోలేక.

మర్నాడు ఆదివారం. బట్టలుతికే చోట నన్ను కట్టు కట్టిన చేతులతో నిలబెట్టి "దాహినే ముడ్, జైసే థే, బాయేఁ ముడ్" అంటూ గంటసేపు తిప్పాడు. ఒకసారి మళ్లీ తప్పాను. ఉతుక్కుంటున్న రాజస్థాన్ కుర్రవాడు లేచి, సబ్బు నురగ చేతులతోనే నా భుజాలు పట్టుకుని సరైన వైపు తిప్పి వెళ్లి కూర్చున్నాడు.