పదహారేళ్ల కొడుక్కి మీ డెలివరీ ఐడీ ఇస్తారా?

ప్రశ్న: సార్, మేం ఉప్పల్‌లో ఉంటాం. మా బాబుకి పదహారున్నరేళ్లు. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో మ్యాథ్స్ 1బి పోయింది. చదువు మీద మనసు లేదు, ఎప్పుడు చూసినా ఫోనే. ఫ్రెండ్స్ సంపాదిస్తున్నారు, నేనూ చేస్తానంటున్నాడు. డెలివరీ యాప్‌లో నా పేరు మీద ఐడీ తీసి, సాయంత్రాలు నా స్కూటీ ఇద్దామనుకుంటున్నా. లేదంటే బాలానగర్‌లో తెలిసినాయనకి లేత్ (ఇనుమును తిప్పుతూ కోసే మెషీన్) షెడ్డుంది, అక్కడ పెడితే పని నేర్చుకుంటాడు. రెండింట్లో ఏది మంచిది? బాధ్యత తెలిసొస్తుందని నా ఆలోచన.

జవాబు: ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే నాకు ఈ ప్రశ్న వారానికి నాలుగుసార్లన్నా వస్తుందండి. ఒకరిది నాచారం, ఒకరిది మూసాపేట, పోయిన సబ్జెక్టు మాత్రం దాదాపు అదే.

వాడు సంపాదించకపోతే ఇల్లు గడవదని మీరు రాయలేదు. ఒక సబ్జెక్టు పోయింది, వీడింక చేతికి రాడేమోనని మీకు భయం పట్టుకుంది, ఎదురుగా కూర్చుని ఫోన్ చూస్తుంటే తట్టుకోలేకపోతున్నారు. ఆ టెన్షన్‌కి మీరు పెట్టిన పేరు బాధ్యత. 1బి పోయినవాళ్లని నేను చాలామందిని చూశాను, సప్లిమెంటరీలో గట్టెక్కి ఎవరి దారిన వాళ్లు బాగానే ఉన్నారు. ఒక పేపర్ పోతే పిల్లాడు పోయినట్టు కాదు. ఈ మాట మీరు వాడితో ఇంకా అనలేదనుకుంటా, అనండి.

ఇప్పుడు డెలివరీ. దీని మీద నాకు కోపం ఉంది, దాచను. పదహారేళ్లకే తన కాళ్ల మీద తను నిలబడ్డాడని స్టేటస్ పెట్టుకోవడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. యాప్‌లు 18 నిండనివాళ్లని తీసుకోవు కాబట్టి ఐడీ నాన్నదో, అన్నదో, అద్దెకు తెచ్చుకున్నదో అవుతుంది. అంటే రోడ్డు మీద మీవాడుంటాడు, కంపెనీ లెక్కలో మీరుంటారు. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ మీ పేరు మీద, విరిగిన కాలు వాడిది. క్లెయిమ్‌లో ఏం రాస్తారు, రాత్రి పదింటికి హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బండి మీదున్నది నేనేనని రాస్తారా?

పోయిన వానాకాలంలో ఒకబ్బాయి వాళ్లమ్మతో వచ్చాడు. మోచెయ్యి కొట్టుకుపోయి పొక్కు కట్టి ఉంది, నాతో మాట్లాడుతూ కూడా రెండు నిమిషాలకోసారి ఫోన్ తిప్పి చూసుకుంటున్నాడు. వానలో జారిపడ్డాడట. లేచాక ముందు చూసుకుంది మోచెయ్యి కాదు, బిర్యానీ పార్సిల్ కారిందేమోనని. ఐడీ వాళ్ల అన్నది, రేటింగ్ పడిపోతే అన్న తిడతాడని వాడి భయం. ఇదేనా మీరు నేర్పుదామనుకున్న బాధ్యత?

పదహారేళ్లకే లైసెన్స్ వస్తుంది కదా అనకండి. అది 50 సీసీ లోపు గేర్లు లేని బండికి. మన ఇళ్లలో ఉండే స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 199ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. మైనర్ బండి తీసి నేరం చేస్తే తండ్రికో బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఎవరికైనా తగిలితే ఆ పరిహారం డబ్బు ఇన్సూరెన్స్ వాళ్లు మీ దగ్గరే వసూలు చేసుకునే అవకాశం కూడా ఉంది. స్కూటీ మీది, తాళం ఇచ్చింది మీరు, ఐడీ మీది. సార్ అని పిలిచి అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇందులో తప్పు చేస్తున్నది మీవాడు కాదు.

ఈ వయసులో అసలు పనే చేయకూడదని నేననను. 14 నిండి 18 నిండని పిల్లల్ని గనుల్లో, పేలుడు సామాన్ల దగ్గర, మంట అంటుకునే సరుకు దగ్గర, మందుల ఫ్యాక్టరీల్లాంటి ప్రమాదకరమైన కెమికల్ పనుల్లో పెట్టకూడదని బాల కార్మిక చట్టం 2016 సవరణతో తేల్చింది. మిగతా చోట్ల పెట్టుకోవచ్చు గానీ దానికో లెక్కుంది. ఏకబిగిన మూడు గంటలు దాటకూడదు, ఆ తర్వాత కనీసం గంట రెస్టు. ఆ రెస్టూ, పని కోసం కాచుక్కూర్చున్న టైమూ కలిపి రోజుకి ఆరు గంటలే. రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చేయించకూడదు, ఓవర్‌టైం కూడా కుదరదు. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు. డిన్నర్ ఆర్డర్లు ఎన్నింటికి మొదలవుతాయో మీరే చెప్పండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్లకి క్యాటరింగ్‌కి వెళ్లే ఇంటర్ పిల్లలదీ ఇదే కథ, అర్ధరాత్రి దాకా కాలే సాంబార్ గిన్నెలు మోస్తుంటారు, వాళ్ల చేత వడ్డించుకుని తిన్నవాళ్లమే మనమంతా.

మీరు అడిగింది పోలిక, నేను మొదలుపెట్టింది తిట్లు. సరే, బాలానగర్.

డెలివరీ కంటే నయం, ఎందుకంటే అక్కడ కనీసం ఎదురుగా ఒక యజమాని ఉంటాడు. అయినా చూడకుండా పెట్టొద్దు. పని నడిచే టైంలో, ముందు చెప్పకుండా ఒకసారి వెళ్లండి. రేకుని అదిమి కోసే పవర్ ప్రెస్ ఉంటే దాని మీద పనిచేసే మనిషి చేతులు చూడండి, వేళ్లన్నీ ఉన్నాయా అని. చాలా షెడ్లలో పని నెమ్మదవుతుందని, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే గార్డు తీసి మూలన పడేస్తారు. లేత్ దగ్గర గ్లౌజులు వేసుకుంటే జాగ్రత్త అనుకుంటారు గానీ అది తప్పు, ఇనప ముక్కని పట్టి తిప్పే చక్, గ్లౌజుతో పాటు చేతినీ లాక్కుంటుంది. మీవాడి మణికట్టుకి గుళ్లో కట్టించుకున్న తాడుంటే అదీ తీసేయాలి, పొడుగు చేతుల చొక్కా కూడా వద్దు. చక్ బిగించే తాళం (చక్ కీ) చక్‌లోనే వదిలేసి మోటార్ వేసే అలవాటు అక్కడుంటే ఆ షెడ్డు వద్దు. కోసినప్పుడు రాలే ఇనప చిప్స్ చేత్తో లాగుతున్నారా, కొక్కెంతోనా? గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు కళ్లకున్నాయా, మేకుకి వేలాడి దుమ్ము పట్టి ఉన్నాయా?

తర్వాత ఆయన్ని రెండే అడగండి: వీడి పేరు, పుట్టినతేదీ, పని గంటలు రిజిస్టర్‌లో రాస్తారా, చెయ్యి తెగితే ఏ ఆస్పత్రికి, ఎవరి ఖర్చుతో? పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే, కానీ వాడక్కడ పని చేసినట్టు ఒక్క కాగితం లేకపోతే మీ చెప్పులు అరగాల్సిందే. "ఏం కాదన్నా, మనోడే కదా" అన్నాడంటే చాయ్ తాగి ఇంటికొచ్చేయండి.

వాడికి నిజంగా మెషీన్ల మీద ఇష్టముంటే షెడ్డు కంటే మంచి దారి అదే బాలానగర్‌లో ఉంది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1968 నుంచి ఉంది, పదో తరగతి అర్హతతో టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో (పనిముట్లు, అచ్చుల తయారీ) నాలుగేళ్ల డిప్లొమా చేయొచ్చు. మల్లేపల్లి ఐటీఐ ఉంది. అప్రెంటిస్‌గా చేరినా ఒప్పందం రిజిస్టర్ చేయాలి, స్టైపెండ్ ఇవ్వాలి, దెబ్బ తగిలితే కంపెనీయే చూసుకోవాలి. ఇంటర్ మధ్యలో ఆపేసి అటు వెళ్లడం ఓడిపోవడం ఏమీ కాదు, మీ బంధువులు ఏమనుకున్నా సరే.

ప్రస్తుతానికి సప్లిమెంటరీ రాయనివ్వండి. ఆ తర్వాత షెడ్డు పనికొచ్చేదిగా కనిపిస్తే పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా పంపండి, మొదటి వారం చూడ్డమే, మెషీన్ ముట్టుకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ వాడి ఫోన్‌లో వాడి చేతే సేవ్ చేయించండి, జీతం ఎగ్గొట్టినా, రాత్రిళ్లు ఉండమన్నా మీకు చెప్పడానికి మొహమాటపడితే అక్కడికి చేస్తాడు.

డెలివరీ వద్దంటే రెండ్రోజులు మీతో మాట్లాడడు. మూడో రోజు వచ్చి పెట్రోల్‌కి డబ్బులడుగుతాడు, ఇవ్వకండి.