టైప్ బి డిసెక్షన్‌లో చిరిగిన పొర అతుక్కుంటుందా?

మీ నాన్నగారికి టైప్ బి అయోర్టిక్ డిసెక్షన్ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద రక్తనాళం, అయోర్టా, లోపలి పొర చిరగడం) అని చెప్పి, ఆపరేషన్ లేకుండా గోలీలిచ్చి దేవరకొండ పంపించారన్నారు. చిరిగిన పొర ఎన్నాళ్ళకు అతుక్కుంటుందని అడిగారు. 2019లో మా నాయనకూ ఇదే వచ్చింది కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

మాది నల్లగొండ దగ్గర పల్లె. బత్తాయిల గంప ఎత్తుతుంటే రెక్కల నడుమ కత్తితో చీరినట్టు నొప్పి లేచింది. ఊళ్ళో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చారు, మూడు గంటలు అక్కడే పోయాయి. హైదరాబాద్‌లో సీటీ తీశాకే సంగతి తెలిసింది. ఆ రక్తనాళంలో గుండె నుంచి పైకి లేచే భాగం చిరిగితే అది టైప్ ఎ, వెంటనే ఆపరేషన్ చేయాలి. నాయనకు కిందికి దిగే భాగంలో చిరిగింది. పేగులకు, కిడ్నీలకు, కాళ్ళకు రక్తం ఆగలేదు కాబట్టి ఐసీయూలో బీపీ, గుండె వేగం తగ్గించే మందులే ఇచ్చారు.

కోటు లోపలి అస్తరు చిరిగినట్టు అనుకోండి. రక్తం అస్తరుకూ బట్టకూ మధ్య దూరి రెండో దారి చేసుకుంటుంది. కొందరికి ఆ దారిలో రక్తం గడ్డకట్టి, మెల్లగా కుంచించుకుపోతుంది. చాలామందికి అది తెరుచుకునే ఉంటుంది. దాని బయటి గోడ పలచన, ఏళ్ళ మీద ఉబ్బొచ్చు. నాయనకు పైన గడ్డకట్టింది, కింద ఇప్పటికీ పారుతోంది. మొదటి ఏడాదంతా రిపోర్టుల్లో ‘అతుక్కుంది’ అనే మాట కోసం వెతికాను. కానీ చూడాల్సింది అది కాదు, రక్తనాళం వెడల్పు. ఆయనకు మొదట 41 మిల్లీమీటర్లు, ఏడాదికి 43, ఇప్పటికీ 43. 55 దాకా వెళ్తే, లేదా తొందరగా పెరిగితే స్టెంట్ గ్రాఫ్ట్ (రక్తనాళం లోపల అమర్చే బట్ట చుట్టిన గొట్టం) వేస్తామన్నారు. స్కాన్‌లు 1, 3, 6, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి. నొప్పి లేదని మానకండి, ఉబ్బేటప్పుడు చాలాసార్లు నొప్పి ఉండదు.

నొప్పి పోయింది గదా అని నాయన ఒకసారి పది రోజులు గోలీలు మానేశాడు. బీపీ 170కి పోయింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఇప్పుడు పొద్దున, రాత్రి నేనే చూసి నోట్‌బుక్‌లో రాస్తాను. మాకు చెప్పిన హద్దు 130/80. బస్తాలు ఎత్తనివ్వం. ముక్కాల్సిన అవసరం రాకుండా విరేచనం సాఫీగా అయ్యేలా చూస్తాం. బీడీ మానేశాడు, మామిడికాయ తొక్కు తగ్గించాడు, అదే కష్టమైంది.

ఇంకొకటి. మూత్రంలో మంట అంటే మెడికల్ షాపులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. ఆ జాతి మందులతో ఈ రక్తనాళం చిరిగే ప్రమాదం ఉందని 2018 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డాక్టర్‌ను అడగకుండా వేయకండి.

మళ్ళీ వీపులోనో కడుపులోనో నొప్పి లేచినా, కాలు తిమ్మిరెక్కి చల్లబడినా ఊళ్ళో ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ‘ఇదివరకే డిసెక్షన్ ఉంది’ అని మొదటి మాటగా చెప్పండి. పాత స్కాన్ సీడీ సంచిలోనే ఉంచండి, మేము తలుపు వెనక మేకుకు తగిలించి పెట్టాం.