పాత మిషనరీ పుస్తకాలు చదవమన్నది ఇందుకే

తమ్ముడూ, వందనాలు.

నీ మెసేజ్ చదివాను. మీ తాతగారి గురించి రాయాలనుకోవడం మంచి ఆలోచన. ఊళ్లు పట్టుకుని తిరిగి సువార్త చెప్పిన మనుషుల మీద మన భాషలో రావాల్సినంత వచనం రాలేదు. అయితే ముందు పాత మిషనరీల జీవితచరిత్రలు కొన్ని చదవమంటే "అవన్నీ భజన పుస్తకాలు అన్నా, వాటిలో నేర్చుకోవడానికి ఏముంటుంది" అన్నావు చూడు, దానికే ఈ ఉత్తరం.

భజన ఉంది, కాదనను. వాటిలో చాలావరకు మిషన్ సొసైటీలు చందాలు పోగవ్వాలని, కొత్తవాళ్లు బయల్దేరాలని వేయించుకున్నవే. అందుకే దొరగారికి కోపం రాదు, దొరసానికి విసుగు రాదు, జ్వరంతో మూలుగుతూ కూడా స్తోత్రాలే. భక్తి కోసం చదువుతావా, అది నీ ఇష్టం, నేను దాని జోలికి రాను. రచయితగా చదవమనడానికి నా కారణం వేరు. ఒక నిజమైన బతుకుని పుస్తకంగా మార్చేటప్పుడు ఏది మిగులుతుందో, ఏది రాలిపోతుందో, ఎవరు రాల్చేశారో ఇంత బాహాటంగా కనిపించే పుస్తకాలు నాకు ఇంకో రకంలో దొరకలేదు.

అమెరికన్ మిషనరీ డేవిడ్ బ్రెయినెర్డ్ సంగతి చూడు. యేల్ కాలేజీలో చదువుతుండగా ఒక ట్యూటర్ గురించి "ఈ కుర్చీకి ఉన్నంత కృప కూడా ఆయనకి లేదు" అని నోరుజారాడు, కాలేజీ నుంచి తీసేశారు. తర్వాత అమెరికా ఆదివాసుల మధ్య పనిచేసి 1747లో, 29 ఏళ్లకే పోయాడు. ఆయన డైరీని జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టరు 1749లో అచ్చువేశాడు, వేస్తూ వేస్తూ అక్కడక్కడా తీసేశాడు, కొన్నిచోట్ల మెత్తబరిచాడు. అయినా మనిషిలోని దిగులు పూర్తిగా పోలేదు, పేజీ తిప్పితే చాలు తగులుతుంది. తర్వాత మన దేశం వచ్చిన మిషనరీలు విలియం కేరీ, హెన్రీ మార్టిన్ లాంటివాళ్లు ఆ పుస్తకం పట్టుకుని వదల్లేదంటే ఆ దిగులు వల్లే అని నా అనుమానం. అంతా నున్నగా ఉంటే ఎవరు చదువుతారు?

ఇక మన ఒంగోలుకి వద్దాం, నీకు పనికొచ్చేది ఇక్కడే ఉంది. క్లౌ దొర పేరు మీవైపు తెలియనివాళ్లు ఉండరు. 1866లో ఒంగోలులో దిగిన అమెరికన్ బాప్టిస్టు, అంతకుముందు సర్వేయరు పని చేసిన మనిషి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టుకి తీసుకుని, తన బోధకులనే ఓవర్సీర్లుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకి పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె నువ్వు ప్రసంగాల్లో ఎన్నోసార్లు వినే ఉంటావు. మరి ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు? దొర ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు, పేర్లు చదివేవాళ్లు చదువుతూ ఉన్నారు. అంకె అందరికీ గుర్తుంది, ఆ ఆరుగురి పేర్లు ఎవర్నైనా అడిగి చూడు.

మాదిగలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చిన ఆ ఉద్యమానికి మొదలు యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారం మీద దూరం వెళ్లినచోట, క్లౌ ఒంగోలు చేరకముందే, సువార్త విన్నాడు. ఇంకా ముందుకి వెళ్తే యోగసాధన చేసినవాడు, గురువుల వెంట తిరిగినవాడు. అంటే దొర వచ్చేసరికే అతనికి ఓ నిండు జీవితం ఉంది, ఏదో వెతుకుతున్నాడు. ఇదంతా మనకి ఎలా తెలిసింది? క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ముసలి బోధకులని కూర్చోబెట్టి మాదిగల కథలు, అమ్మవార్ల సంగతులు, వాళ్ల గురువుల కబుర్లు అడిగి రాసుకుని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. ఆమె చూపులో ఆ కాలపు దొరసానితనం ఉంది, చదువుతుంటే నీకు అక్కడక్కడా ఒళ్లు మండుతుంది కూడా. మండనీ. ఆమె అడగకపోతే పేరయ్య మనకి రిపోర్టులో ఒక పేరుగా మిగిలేవాడు. క్లౌ ఆత్మకథ కూడా ఆయన చెప్తుండగా ఆమె రాసిపెట్టిందే, ఆయన 1910లో పోయాక 1914లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఒకే సంఘటన ఎవరి వైపు నుంచి చెప్తే ఎలా మారుతుందో ఏ క్రియేటివ్ రైటింగ్ క్లాసులోనూ ఇంత బాగా చెప్పరు. పాత స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బులు పెట్టక్కర్లేదు.

ఇంకో సంగతి, భార్యలు. కేరీ గురించి మనకి ఏం చెప్తారు? చెప్పులు కుట్టుకునేవాడు, 1793లో బెంగాల్ వచ్చాడు, ఇన్ని భాషల్లోకి బైబిలు, మన తెలుగుకి 1814లో వ్యాకరణం. అవన్నీ నిజమే. ఆయన భార్య డొరొతీ అసలు రానంది, చివరి నిమిషంలో ఒప్పించి తీసుకొచ్చారు. 1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ పోయాడు, ఆమె మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆమెని గదిలో ఉంచి, ఆ ఇంట్లోనే ఆయన అనువాదాలు చేసుకున్నాడు. పాత పుస్తకాల్లో చాలావాటికి ఆమె కేరీ మోసిన బరువు, అంతే. ఆమె మీద విడిగా ఒక జీవితచరిత్ర రావడానికి 1992 దాకా పట్టింది. కేరీని తక్కువ చెయ్యమని నేను అనడం లేదు, నాకు ఆయనంటే గౌరవమే. కానీ ఆ ఇంట్లో పక్క గది కూడా ఉందని తెలిసి కేరీ గురించి రాయడం వేరు, తెలియకుండా రాయడం వేరు.

నిజం రాస్తే ఏమవుతుందో కూడా ఈ చరిత్రల్లోనే ఉంది. తిరునెల్వేలి వైపు పనిచేసిన ఏమీ కార్‌మైకేల్ అక్కడ చూసింది చూసినట్టు రాసి పంపితే మరీ నిరుత్సాహంగా ఉందని తిప్పి పంపారట. ఆమె దాన్ని తియ్యబరచలేదు, 1903లో ఆ పుస్తకం బయటికొచ్చింది. అలాగే బర్మాలో పనిచేసిన జడ్సన్, పోయిన తన రెండో భార్య సారా జీవితచరిత్ర రాయించడానికి ఫానీ ఫారెస్టర్ అనే కలం పేరుతో కథలు రాసుకునే అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి, ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆమె సారా చరిత్ర రాసింది కూడా. సవతి కథ తనే రాయాల్సి వచ్చిన రచయిత్రి! దీని మీద నువ్వు ఒక కథ రాయకపోతే నేనే రాస్తాను.

పైగా మిషనరీలంటే తెల్లవాళ్లే అనుకోకు. 1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపారు, అక్కడ తోటల్లో కూలికెళ్లిన తెలుగువాళ్ల దగ్గరికి. అలాంటి మనిషి మీద మంచి తెలుగు నవల చదవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

సరే, మీ తాతగారి డైరీలు, సంఘం రిజిస్టర్లు తర్వాత చూసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. మీ నాయనమ్మ ఇంకా ఉన్నారన్నావు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. తాతగారి గురించి అడక్కు, ఆయన గురించి చెప్పమంటే ఆవిడ కూడా సాక్ష్యం చెప్పినట్టే మొదలుపెడతారు. ఆయన ఊళ్ల మీద ఉన్న రోజుల్లో ఇంట్లో బియ్యం ఎవరు తెచ్చేవాళ్లు, పిల్లలకి జ్వరం వస్తే ఎవరు ఎత్తుకెళ్లేవాళ్లు, జీతం ఆలస్యమైతే ఎవరి దగ్గర అప్పు చేసేవాళ్లు, ఆయన మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా అని అడుగు. ఫోన్లో రికార్డు చేసుకో, మధ్యలో అడ్డుపడకు. అది విన్నాక మొదటి అధ్యాయం రాసి నాకు పంపు, దిద్దకుండా పంపినా ఫర్వాలేదు.

మీ అన్న