ఆఫీసుకు వెళ్తూ రోజూ సమతుల ఆహారం తినడం కుదురుతుందా? మా ఇంటి సరుకుల చీటీ కథ

ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో వేరే వంట పెట్టకుండా, రోజూ సమతుల ఆహారం తినడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. కాకపోతే నేను మొదలుపెట్టినట్టు మాత్రం మొదలుపెట్టకండి.

నాకు 43 ఏళ్లు. ఉండేది గుంటూరు, కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్ల క్రితం రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 268 వచ్చాయి. 150 లోపు ఉండాలి. డాక్టరు గారు మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నారు. నేను ఏకంగా మానేశాను. పొద్దున ఓట్స్, రాత్రి రెండు పుల్కాలు. మూడు వారాలు గడిచాయో లేదో, ఓ ఆదివారం అమ్మ గోంగూర పప్పు చేసి ఊరమిరపకాయలు వేయించింది. మూడుసార్లు మారు వడ్డించుకున్నాను. ఓట్స్ డబ్బా ఆ రోజే అటకెక్కింది.

తర్వాత మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చదివాను. రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పల్లీల్లాంటి గింజలు 35, నూనె, నెయ్యి 27 గ్రాములు, పాలు, పెరుగు 300 మి.లీ. అన్నీ వండకముందు తూకాలే. కంచం ముందు కూర్చుని ఇదంతా ఎవరు తూస్తారండీ? అందుకే కంచం వదిలేసి నెల సరుకుల చీటీ తీశాను.

ఇంట్లో అమ్మ, నా భార్య, నేను, ముగ్గురం. ఆ లెక్కన నెలకు ధాన్యాలు ఇరవై రెండున్నర కిలోలు చాలు. మాకు 25 కిలోల బియ్యం బస్తా, అది కాక గోధుమపిండి, రవ్వలు ఇంకో ఏడు కిలోలు. పప్పులు ఏడున్నర కిలోలు ఉండాలి. గుడ్లు, ఆదివారం కోడికూర ఉన్నాయి కాబట్టి కొంత తగ్గించుకున్నా, మేం తెచ్చేది కంది, మినుము, పెసర అన్నీ కలిపి మూడు కిలోలే. నూనె మూడు లీటర్ల లోపే సరిపోవాలి. మా ఐదు లీటర్ల క్యాను నెలాఖరు రాకముందే ఖాళీ అయ్యేది. కూరగాయలైతే రోజుకు కిలో పైన కావాలి, మేం అరకిలో దొండకాయలు తెచ్చి వేపుడు చేసుకుని సరిపెట్టేవాళ్లం.

అంటే అన్నం ఎక్కువవడం సగం సంగతే. మిగతా సగం పప్పూ కూరా చాలకపోవడం.

సరే, కూర ఎక్కువ తిందామని కంచంలో ముందు రెండు గుంటగరిటెల కూర, ఓ గరిటె ముద్దపప్పు వేసుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకున్నాను. నాలుగో ముద్దకే నోరు మండిపోయింది. అప్పుడు గానీ అర్థం కాలేదు, మన కూర అన్నంలో కలుపుకోవడానికి చేసేది. అందులో ఉప్పూ కారం ఆ అన్నానికి కూడా సరిపడేలా పడతాయి. కూర పెంచాలంటే ముందు కారం డబ్బాలోని చెంచా మార్చాలి. అమ్మతో ఆ మాట అనడానికి నాకు వారం పట్టింది. "గుంటూర్లో పుట్టి చప్పిడి కూర తింటావేంట్రా" అంది. చివరికి రాజీ కుదిరింది. బీరకాయ, సొరకాయ, క్యాబేజీ వండిన రోజున కూరలోనే గుప్పెడు పెసరపప్పు వేసి, కారం సగం. వంకాయ జోలికి మాత్రం రావొద్దంది.

టిఫిన్లలో పెసరట్టుకు వంక పెట్టే పని లేదు. వారానికి రెండు రోజులు అదే. సాయంత్రం బజ్జీల బదులు అలసంద గుగ్గిళ్లు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. పొద్దున నానబోస్తే చాలు, రాత్రి దాకా ఆకలి గుర్తురాదు. నా భార్యకు హిమోగ్లోబిన్ తక్కువ, 9.8 ఉండేది. టిఫిన్ తిన్న వెంటనే టీ తాగే అలవాటు తనకు. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి అంతగా పట్టనివ్వవు. గంట ఆగి తాగమన్నందుకు నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆవకాయ దగ్గర ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదంటారు, వేడన్నంలో మొదటి ముద్ద ఆవకాయతోనే పడాలి నాకు. వారంలో రెండు రోజులకు దించాను, అంతే.

ఆరు నెలలకు ట్రైగ్లిజరైడ్లు 171కి వచ్చాయి, బరువు నాలుగు కిలోలు తగ్గాను. మాత్రలూ వేసుకున్నాను, సాయంత్రాలు నడిచాను కూడా, కాబట్టి అంతా తిండి గొప్పే అనను. మీకు షుగరో, కిడ్నీ ఇబ్బందో ఉంటే పప్పులు పెంచేముందు డాక్టరును అడగండి.

ఇప్పుడు మా చీటీలో బియ్యం 18 కిలోలు, పప్పులన్నీ కలిపి ఆరు, పల్లీలు రెండు, నూనె మూడు లీటర్లు. దసరా నెలలో అమ్మ ఆ మూడును కొట్టేసి తన చేత్తో ఐదు రాస్తుంది. నేను చూడనట్టే ఉంటాను.