పైలట్‌గా చేరుతున్న అబ్బాయి యూనియన్‌లో ఉంటే కంపెనీతో చెడుతుందా?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కొడుక్కి ఒక ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా ఆఫర్ వచ్చింది. "మా దగ్గర యూనియన్ అవసరం లేదు, ఏదున్నా నేరుగా మాతోనే మాట్లాడొచ్చు" అని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారట. ట్రైనింగ్‌లో పరిచయమైన ఒక సీనియర్ మాత్రం చేరిన వారంలోనే పైలట్ల సంఘంలో సభ్యత్వం తీసుకోమన్నాడట. పొలం అమ్మి, అప్పు చేసి చదివించిన కొడుకు కదా, సంఘం అంటే ఉద్యోగానికి ఎసరు రాదా అని ఆయన భయం.

సభ్యత్వం తీసుకోమనండి. వారంలోనే అక్కర్లేదు, లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులున్న విమానాల్లో ట్రైనర్ పక్కన చేసే శిక్షణ) ముగిశాక తీసుకున్నా కొంపేం మునగదు. అయితే సంఘం అనగానే సమ్మె అనుకుని చేరితే నిరాశపడతాడు. మన దేశంలో పైలట్లకు సమ్మెల వల్ల దక్కింది తక్కువ, కోర్టు మెట్లెక్కడం వల్ల దక్కింది ఎక్కువ. నేనిలా ఎందుకంటున్నానో చెప్తాను.

నాది దేవరకొండ దగ్గర పల్లె. ఇప్పుడు ఏ320 విమానం మీద కమాండర్‌ని, అంటే కెప్టెన్‌ని. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో మీకు తెలుసు. మా నాయిన ఆర్టీసీ డ్రైవర్. కాబట్టి యూనియన్ అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవలేదు, డిపో గేటు ముందు మీటింగుల్లో చూసిన. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైనప్పుడు నేను ఫస్ట్ ఆఫీసర్‌ని. 48 వేల మందికి పైగా కార్మికులు. సమ్మెకు పోయినవాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టు అని ముఖ్యమంత్రే అన్నారు. సెప్టెంబర్ జీతం కూడా ఆగింది. 52 రోజుల తర్వాత జేఏసీ సమ్మె విరమించింది, ప్రభుత్వంలో విలీనం అనే ప్రధాన డిమాండ్ అప్పటికి తీరలేదు. డ్యూటీలోకి తీసుకున్నాక యూనియన్ల స్థానంలో డిపోకొక వెల్ఫేర్ కమిటీ వచ్చింది.

ఆ రెండు నెలలు మా ఇంటికి డబ్బు నేను పంపిన. "నువ్వు మాత్రం సంఘాలల్ల తిరగకు కొడుకా" అంటాడనుకున్న. ఆయన అన్నది వేరే: "డిపో మేనేజర్‌తోటి నవ్వుకుంటనే మాట్లాడు గని, చార్ట్ మీద సంతకం పెట్టేముందు మాత్రం సదువుకో." పైలట్ ఉద్యోగానికి ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఏ కెప్టెనూ ఇవ్వలేదు.

ఇక పైలట్ల సమ్మెల సంగతి. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాయి. కంపెనీలు కలిశాయి కానీ పైలట్లు కలవలేదు. పాత ఎయిర్ ఇండియా వాళ్లది ఇండియన్ పైలట్స్ గిల్డ్, పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లది ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. 2011లో ఈ అసోసియేషన్ వాళ్లు తమకూ సమాన జీతం కావాలని పది రోజులు సమ్మె చేశారు. 2012 మేలో గిల్డ్ వాళ్లు దిగారు. వాళ్ల కోపం దేనిమీద? కొత్తగా వస్తున్న డ్రీమ్‌లైనర్ విమానాల ట్రైనింగ్ అవతలి సంఘం పైలట్లకు కూడా ఇస్తున్నారని! అది 58 రోజులు సాగింది. 101 మందిని తీసేశారు, సంఘం గుర్తింపు రద్దు చేశారు, చివరికి ఢిల్లీ హైకోర్టులో వ్యవహారం తేలి డ్యూటీకి వచ్చారు. ఒక సంఘం సమ్మె చేస్తుంటే రెండో సంఘం వాళ్లు విమానాలు నడిపారు. ఒకే డిపోలో నాలుగు జెండాలు చూసి పెరిగిన నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. మేనేజ్‌మెంట్‌కు దీనికంటే సుఖం ఇంకేముంటుంది?

జెట్ ఎయిర్‌వేస్‌ది ఇంకో రకం. 2009లో పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అని సంఘం పెట్టుకున్నారు. దాని వెనకున్న ఇద్దరిని కంపెనీ తీసేసింది. సెప్టెంబర్‌లో వందలమంది ఒకేసారి ఒంట్లో బాగాలేదని రిపోర్ట్ చేశారు. ఐదు రోజులు విమానాలు కుదేలయ్యాక తీసేసిన వాళ్లను వెనక్కి తీసుకున్నారు. సంఘం గెలిచిందనే అనుకోవాలి. కానీ 2019 ఏప్రిల్ 17న అదే జెట్ చివరి విమానం దిగిపోయింది. నెలల జీతాలు బాకీ ఉండగానే. కంపెనీయే మునిగిపోయినప్పుడు ఎంత గట్టి సంఘమైనా జీతం తెచ్చివ్వలేదు. ఆ కంపెనీలోని నా మిత్రుల్లో కొందరు ఫస్ట్ ఆఫీసర్లుగా తగ్గి వేరే చోట చేరారు.

మరి సంఘం లేకపోతే గొడవలుండవా? హెచ్‌ఆర్ వాళ్లు చెప్పేది అదే కదా. విస్తారాలో పైలట్లకు గుర్తింపు పొందిన సంఘం ఉండేది కాదు. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. అప్పటిదాకా నెలకు 70 గంటలు ఎగిరినా ఎగరకపోయినా ఆ మేరకు జీతం ఖాయంగా వచ్చేది, దాన్ని 40 గంటలకు తగ్గించారు. 2024 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఏమైంది? పైలట్లు దొరక్క విమానాలు వరసగా రద్దయ్యాయి, కంపెనీ తన సర్వీసులనే తగ్గించుకుంది. మాట్లాడటానికి ఒక మనిషంటూ లేనప్పుడు కోపం సిక్ రిపోర్ట్‌గా బయటపడుతుంది. మేనేజ్‌మెంట్‌లో తెలివైన వాళ్లకు ఈ సంగతి తెలుసు. తెలిసినా బయటికి అనరు.

కోర్టు సంగతికి వస్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది. పైలట్ జీవితాన్ని నడిపేది జీతం కాదు, రోస్టర్, అంటే డ్యూటీ చార్ట్. ఎన్ని గంటలకు రిపోర్ట్ చేయాలి, రాత్రిపూట ఎన్నిసార్లు దించాలి, వారంలో ఎంతసేపు విశ్రాంతి అనే నియమాలను ఎఫ్‌డీటీఎల్ అంటాం. ఏడాదికి 1000 గంటలకు మించి ఎగరకూడదన్నది కూడా అందులోదే. 2023 ఆగస్టులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో విమానం ఎక్కబోతున్న పైలట్ ఒకాయన కుప్పకూలి చనిపోయాడు. అలసట మీద చర్చ అప్పుడు పెరిగింది. 2024 జనవరిలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నియమాలు ప్రకటించింది: వారానికి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి అనే మాటకు అర్థం అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి. చదివి మేమంతా సంబరపడ్డాం. ఆ తర్వాత ఎయిర్‌లైన్లు గడువు అడిగాయి, అమలు వాయిదా పడింది.

దాన్ని కదిలించింది ఢిల్లీ హైకోర్టులో పైలట్ల సంఘాలు నడిపిన కేసులు. 2025 జూలై 1 నుంచి కొన్ని, నవంబర్ 1 నుంచి మిగిలినవి అమలు చేయాలని అక్కడ తేలింది. ఏ ఒక్క పైలటూ తన పేరు మీద ఇలాంటి కేసు వేయలేడు, వేస్తే మర్నాడు రోస్టర్‌లోనే జవాబు వస్తుంది. సంఘం పేరు మీద వేయొచ్చు. మీ అబ్బాయి కట్టే చందా దీనికే పోతుంది.

తర్వాతిది మీరూ టీవీలో చూసే ఉంటారు. దాదాపు రెండేళ్ల ముందే తెలిసిన నియమాలకు ఇండిగో సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు. 2025 డిసెంబర్ మొదటి వారంలో మొత్తం తలకిందులైంది, డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. శంషాబాద్‌లో జనం నేల మీద పడుకున్నారు. పాలమూరు నుంచి బొంబాయికి బయల్దేరిన వాళ్లు బస్సెక్కి పోయారు. డీజీసీఏ ఆ కంపెనీకి రాత్రి డ్యూటీల నియమాల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది, సంఘాలు అభ్యంతరం చెప్పాయి. జనంలో చాలామంది పైలట్లు మొండికేశారనుకున్నారు. నియమం పైలట్ల భద్రతకే కాదు, వెనక కూర్చున్న వాళ్లకూ అని చెప్పే గొంతు ఆ రోజుల్లో సంఘాలదే.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ అంటే ఎవరో చూద్దాం. సూటు వేసుకున్న పెద్దమనిషిని మీ అబ్బాయి ఏళ్ల తరబడి చూడకపోవచ్చు. తనకు మేనేజ్‌మెంట్ అంటే చీఫ్ పైలట్, బేస్ మేనేజర్, ట్రైనింగ్ హెడ్. వీళ్లంతా పైలట్లే. నిన్న పక్క సీట్లో కూర్చున్నవాడు ఇవాళ షోకాజ్ పంపుతాడు. 2023లో టాటాల ఎయిర్ ఇండియా కొత్త కాంట్రాక్ట్ తెచ్చినప్పుడు, కొన్నేళ్ల అనుభవమున్న కమాండర్లను సీనియర్ కమాండర్లు చేసి మేనేజ్‌మెంట్ కేడర్‌లో కలుపుతామంది. సంఘాలు ఎందుకు భగ్గుమన్నాయంటే, మేనేజ్‌మెంట్ అయినవాడు సంఘంలో ఉండలేడు. పదోన్నతి పేరుతో సంఘం వెన్నెముక తీసేయడమే అని వాళ్ల వాదన. నాకూ అది వాదన లాగా కాదు, నిజం లాగానే అనిపించింది.

నా అనుభవం ఒకటి. ఒక రాత్రి వాతావరణం బాగోక వేరే ఊరికి మళ్లించి, ఆలస్యంగా తిరిగొచ్చాం. ఇంకో సెక్టర్ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ట్రిప్పు) చేయమని క్రూ షెడ్యూలింగ్ నుంచి ఫోన్. అనుకోని పరిస్థితుల్లో డ్యూటీ పొడిగించే అధికారం కమాండర్ విచక్షణకు వదిలారు, కంపెనీ అడగొచ్చు కానీ బలవంతం చేయకూడదు. నేను, నా ఫస్ట్ ఆఫీసర్ ఇద్దరం అలసిపోయాం అని రాసి దిగిపోయిన. రెండ్రోజుల తర్వాత "కాఫీకి రా" అని చీఫ్ పైలట్ పిలుపు. కాఫీ బాగానే ఉంది. మాటలే బాగాలేవు: కంపెనీ మీద ప్రేమ ఉండాలి, మిగతావాళ్లు చేస్తున్నారు కదా, ట్రైనర్ అవ్వాలని లేదా. ఆ తర్వాత రాతపూర్వకంగా వివరణ అడుగుతూ మెయిల్.

ఆ రాత్రే సంఘం బాధ్యుడికి ఫోన్ చేసిన. ఆయన మొదట అడిగింది ఒక్కటే, "ఆవేశంగా ఏమైనా రాశావా?" లేదన్న. జవాబు మేమిద్దరం కలిసి రాసినం: ఏ క్లాజ్, ఏ టైమ్‌కు రిపోర్ట్, ఏ టైమ్‌కు చాక్స్ ఆన్ (విమానం ఆగి చక్రాలకు అడ్డు పెట్టడం), షెడ్యూలింగ్ ఫోన్ ఎప్పుడు వచ్చింది. ఒక్క విశేషణం లేదు. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. కొన్నాళ్లు మాత్రం పండగలన్నీ స్టాండ్‌బైలోనే (పిలిస్తే వెళ్లేందుకు సిద్ధంగా ఉండే డ్యూటీ) గడిచాయి, బతుకమ్మకు ఇంటికి పోలేదు. అది కక్షేనని రుజువు చేయలేను, సంఘం కూడా దానికేం చేయలేదు.

సంఘం చేయలేనివి ఇంకా ఉన్నాయి. సిమ్ చెక్‌లో, అంటే సిమ్యులేటర్ పరీక్షలో ఫెయిలైతే కాపాడదు. మద్యం పరీక్షలో దొరికితే అసలే కాపాడదు, కాపాడకూడదు కూడా. ట్రైనింగ్ బాండ్ (మధ్యలో మానేస్తే ఇంత డబ్బు కట్టాలనే ఒప్పందం) మీద సంతకం పెట్టేశాక ఆ డబ్బు మాఫీ చేయించలేదు. నోటీసు పీరియడ్ మరొకటి: 2017 నుంచి కమాండర్‌కు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు అని డీజీసీఏ నియమం. ఇంకే ఉద్యోగంలోనైనా మూడు నెలలు ఎక్కువంటారు. సంఘాలు దాని మీద పోరాడుతూనే ఉన్నాయి, నియమం అలాగే ఉంది. అదే నియమంలో చివరి నిమిషంలో విమానాలు రద్దయ్యేలా పైలట్లు చేసే పనిని ప్రజాప్రయోజనానికి వ్యతిరేకమైన చర్యగా చూస్తామని కూడా రాసి ఉంది.

అందుకే వాట్సాప్ గ్రూపులో "రేపు అందరం సిక్" అని మెసేజ్ వస్తే మీ అబ్బాయిని జాగ్రత్తగా ఉండమనండి. నిజంగా జ్వరమొస్తే ఎగరొద్దు, అది చట్టమే. కానీ కొత్త ఫస్ట్ ఆఫీసర్ అబద్ధపు సిక్ రిపోర్ట్ ఇచ్చి తన మెడికల్ రికార్డును బేరానికి పెట్టొద్దు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సగం మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కావాలి. గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినవాడు చాలాసార్లు అప్పటికే గల్ఫ్ కంపెనీ ఇంటర్వ్యూ ముగించుకుని ఉంటాడు, అది వేరే సంగతి.

కంపెనీకి ముందే తెలిస్తే ఉద్యోగం ఇవ్వరా అని కూడా అడిగారు. సభ్యత్వం గురించి ఇంటర్వ్యూలో చెప్పాల్సిన అవసరం లేదు, దాచాల్సిన నేరమూ కాదు. మొదటి రెండేళ్లు పదవులకు, మైకులకు దూరంగా ఉంటే చాలు. ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన బాండ్ కాగితాన్ని మాత్రం సంతకానికి ముందే హైదరాబాద్‌లో సర్వీస్ కేసులు చూసే లాయర్‌కు చూపించండి. ఎన్నేళ్లు, ఎంత మొత్తం, ఏటా తగ్గుతుందా లేదా, కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా. ఈ నాలుగో ప్రశ్నకు జవాబు కాగితంలో లేకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగమనండి, ఫోన్‌లో కాదు.