బస్సుల టెండర్ కమిటీలో పడ్డ మా మేనల్లుడికి

ఒరే చిన్నోడా,

మొన్న ఫోన్లో "మావయ్యా, కొత్త బస్సుల కొనుగోలు కమిటీలో నన్ను వేశారు, ఏ కంపెనీ మంచిదో ఒక్క ముక్కలో చెప్పేయ్" అన్నావు. ఒక్క ముక్కలో తేలేదైతే నేను ముప్పై ఒక్క ఏళ్లు గ్యారేజీలో గ్రీజు పూసుకుని ఏటి చేసినట్టురా? పైగా అవతల మీ అత్త "ముందు వాడు అన్నం తిన్నాడో లేదో అడగండి" అని ఒకటే గోల. అందుకే ఫోన్ పెట్టేసి, విజయనగరం ఎండకి మధ్యాహ్నం ఎలాగూ నిద్ర పట్టక, ఇది రాస్తున్నాను.

కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ముందు నీ చేతిలో ఉన్న అసలు కాగితం స్పెసిఫికేషన్, అంటే బస్సు ఎలా ఉండాలో రాసిన షరతుల జాబితా. మీవాళ్లు పాత టెండర్‌లోంచి దాన్ని అలాగే దించేసి తేదీలు మార్చి పంపేద్దాం అంటారు, చూస్తూ ఉండు. ఒప్పుకోకు. ఎవరు గెలుస్తారో సగం అక్కడే తేలిపోతుంది. ముంబైలో సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ 1400 ఎలక్ట్రిక్ బస్సులకి టెండర్ వేసింది కదా, 80 శాతం ఛార్జింగ్‌తో మధ్యలో ఆపకుండా 200 కిలోమీటర్లు నడవాలి అన్న ఒక్క షరతు మీద గొడవ మొదలైంది. ఆ దూరం పరీక్షా కేంద్రంలో కొలిచిందా, రోడ్డు మీద నిజంగా నడిచిందా అని. టాటా మోటార్స్ అంతటి కంపెనీ అక్కడ అనర్హత పొందింది, హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకి వెళ్లి 2023 మేలో గానీ తేలలేదు. ఒక్క వాక్యం రా! కాబట్టి "200 కిలోమీటర్లు" అని ఊరుకోకుండా, నిండా జనంతో, ఏసీ వేసి, మే నెలలో, ఏ రూట్లో, బ్యాటరీ ఎన్నేళ్లు పాతబడ్డాక కూడా, అన్నీ రాయి. చదివినవాడికి రెండో అర్థం తట్టకూడదు.

సర్టిఫికెట్లు చూసి మురిసిపోకు. బస్సు బాడీకి మన దేశంలో ఏఐఎస్ 052 అనే కోడ్ ఉంది, పుణెలో ఏఆర్ఏఐ, సీఐఆర్టీ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్షలున్నాయి. అవి లేనిదే బస్సు రోడ్డెక్కదు, నిజమే. కానీ మీ ఊళ్లో గోతుల్లో పదేళ్లు నిలుస్తుందా అన్నది ఆ కాగితం చెప్పదు. అమెరికావాళ్లు ఈ విషయంలో కాస్త ముదుర్లు. పెన్సిల్వేనియాలో ఆల్టూనా అని ఒక ఊరుంది, కొత్త మోడల్ బస్సుని అక్కడికి తీసుకెళ్లి గతుకుల ట్రాక్ మీద కుదిపి కుదిపి వదులుతారు. 2016 నుంచి మార్కులు కూడా వేస్తున్నారు, 100కి 70 రాకపోతే కేంద్రం నిధులతో ఆ మోడల్ కొనడానికి లేదు. పెద్ద సిటీ బస్సు అంటే కనీసం 12 ఏళ్లు లేదా 5 లక్షల మైళ్లు అని వాళ్ల లెక్క, అంటే మనకి 8 లక్షల కిలోమీటర్లు. ఆల్టూనా మనకెక్కడిది అంటావా? ఉంది, ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు రేటు సంగతి. ఎల్‌వన్, ఎల్‌వన్ అని అందరూ జపం చేస్తారు, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు. తక్కువ ధర అంటే షోరూం ధర కాదురా. నీ బస్సు రోజుకి 300 కిలోమీటర్లు తిరుగుతుందనుకో. లీటరుకి 5 కిలోమీటర్లు ఇచ్చేది 60 లీటర్లు తాగుతుంది, 5.5 ఇచ్చేది 54న్నర తాగుతుంది. లీటరు 95 రూపాయలు వేసుకుంటే రోజుకి ఐదొందల పైన తేడా, ఏడాదికి 350 రోజులు తిరిగితే లక్షా ఎనభై వేలు, పదేళ్లకి 18 లక్షలు. ఒక్క బస్సుకి! కొన్నప్పుడు రెండు లక్షలు తగ్గించినవాడిని నెత్తిన పెట్టుకుంటే ఏమవుతుందో నువ్వే లెక్క చూసుకో. అందుకే ఇంధనం, టైర్లు, బ్రేకులు, రిపేర్లు అన్నీ కలిపి మొత్తం ఆయుష్షు ఖర్చు మీద పోల్చి చూస్తామని టెండర్‌లోనే ముందుగా రాయాలి, బిడ్లు తెరిచాక గుర్తొచ్చి లాభం లేదు, ఓడినవాడు కోర్టుకి పోతాడు.

నేను పనిచేసిన ఒక డిపోకి ఒకసారి కొత్త రకం బస్సులు వచ్చాయి, ఎవరివో చెప్పను. చూడ్డానికి పెళ్లికూతుళ్లలా ఉండేవి. ఫ్లోరు కిందకి ఉంది, వెనక చక్రాల తర్వాత తోక పొడుగు. నగరంలో బాగుంటుందేమో గానీ, మా రూట్లో ఒక కల్వర్టు దగ్గర దిగి ఎక్కేటప్పుడు వెనక భాగం నేలకి గీసుకునేది, డ్రైవర్లు బస్సుని అడ్డంగా మళ్లించి అంగుళం అంగుళం దాటించేవారు. అది పోనీ. తలుపు గాలితో తెరుచుకునే రకం, అందులో అరచేతిలో పట్టే వాల్వ్ ఒకటి పోయింది. దాని కోసం ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం, రెండున్నర నెలలు. అంతవరకూ తలుపుకి తాడు కట్టి నడిపాం, కండక్టర్ చేతిలో టిక్కెట్లు, మోచేతికి తాడు. చివరికి నాలుగో బస్సుని గోడవార నిలబెట్టి దాని భాగాలు ఒక్కొక్కటే విప్పి మిగతా మూడింటికి పెట్టాం. అలా విప్పేసిన బస్సు మళ్లీ రోడ్డెక్కలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. వేరే ఊళ్లో ఆ కంపెనీ బస్సులు ఎలా ఉన్నాయో కనుక్కోవాలంటే మేనేజర్ ఏసీ గదికి పోకు, వాళ్లు టీ ఇచ్చి ప్రెజెంటేషన్ చూపిస్తారు. రాత్రి పది దాటాక, బస్సులు గ్యారేజీకి చేరే వేళ పో. గోడవార టైర్లు విప్పేసి ఎన్ని నిలబడ్డాయో లెక్కపెట్టు. మెకానిక్‌కి ఒక బీడీయో టీయో ఇప్పించి "ఈ బండిలో మిమ్మల్ని ఎక్కువ ఏడిపించేది ఏది?" అని అడుగు. ఐదు నిమిషాల్లో అసలు కథ చెప్తాడు. కంపెనీవాళ్లు ఫ్యాక్టరీ చూడ్డానికి పిలుస్తారు, వెళ్లు, కానీ హోటల్ ఖర్చు, భోజనం ఖర్చు నీ సంస్థదే ఉండాలి. మీ అమ్మ క్యారేజీ కట్టిస్తే ఇంకా మంచిది.

విడిభాగాల మాట కూడా బిడ్‌లోనే తేల్చు. తరచూ పోయే ఓ వంద వస్తువుల జాబితా నువ్వే ఇచ్చి, ధరలు ఇప్పుడే రాయించుకో, ఏడాదికి ఎంతకి మించి పెంచకూడదో రాయించుకో. స్టాకు మీకు దగ్గర్లో ఎక్కడ పెడతారు, బస్సు ఆగితే ఎన్ని రోజుల్లో భాగం చేతికి రావాలి, రాకపోతే రోజుకి ఎంత జరిమానా. వారంటీలో "వర్తించనివి" అనే పేజీ మాత్రం రెండుసార్లు చదువు, కిటుకులన్నీ అక్కడే ఉంటాయి. కంపెనీ బతికి బట్టకడుతుందా అన్నదీ చూడాలి. అమెరికాలో ప్రొటెర్రా అని ఎలక్ట్రిక్ బస్సులు చేసే పెద్ద కంపెనీ, 2023 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది, దాని బస్సులు కొన్న ఊళ్లు విడిభాగాలకి ఇబ్బంది పడ్డాయి. అలాగని ఐదు కంపెనీల దగ్గర తలో పది కొనకు, స్టోర్‌లో అరలు చాలవు, మెకానిక్‌కి బుర్ర తిరుగుతుంది. మొత్తం మీద రెండు కంపెనీలు, ఒక డిపోకి ఒకటే రకం. నా మటుకు అదే సుఖం.

ఎలక్ట్రిక్ అయితే ఇప్పుడు చాలాచోట్ల బస్సు కొనడం లేదు కదా, కిలోమీటరుకి ఇంత అని ఇచ్చి వాడి చేతే నడిపిస్తున్నారు. 2022లో సీఈఎస్ఎల్ అనే ప్రభుత్వరంగ సంస్థ కోల్‌కతా, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్, సూరత్ అవసరాలు కలిపి 5450 బస్సులకి ఒకే టెండర్ వేస్తే 12 మీటర్ల బస్సుకి కిలోమీటరు 43.49 రూపాయలు పలికింది. నలుగురూ కలిసి అడిగితే బేరం దిగుతుంది, చేపల సంతలో మీ అత్తకి తెలిసినంత మనకి తెలీదు. కాకపోతే నువ్వు వాడి బ్యాలెన్స్ షీట్ చూసినట్టే వాడూ మీ ఖజానా చూస్తాడు, నెలనెలా బిల్లు వస్తుందా రాదా అని. ఆ భయంతోనే కంపెనీలు జంకుతుంటే, 2024 సెప్టెంబరులో కేంద్రం చెల్లింపుల భరోసాకి 3,435 కోట్ల పథకం తెచ్చింది. మీవాళ్లు బిల్లులు ఆలస్యం చేసే రకమైతే ఆ ఆలస్యం ఖరీదు ముందే రేటులో కలిసిపోతుందని పైవాళ్లకి చెప్పు. కేంద్రం వాళ్ల ఎలక్ట్రిక్ బస్సుల పథకం పీఎం ఈ బస్ సేవ మూడు లక్షల జనాభా దాటిన నగరాలకట, మా విజయనగరం, శ్రీకాకుళం ఆ లెక్కకి అందవు, మాకు డీజిలే గతి.

ఇక మన ఆల్టూనా, అదే మీ ఊరి రోడ్డు. మొదటి నమూనా బస్సు చూసి సంతకం పెట్టేవరకూ మిగతావి తయారుచేయకూడదని షరతు పెట్టు. ఆ నమూనాని మీ ఊళ్లో అన్నిటికన్నా చెత్త రూట్లో నెల రోజులు తిప్పు. ఎక్కించాల్సింది అధికారుల్ని కాదు. మా ఊరైతే సిరిమాను నాటి జనాన్ని ఎక్కించేవాణ్ణి, కళింగపట్నం నుంచి చేపల గంపతో వచ్చే అవ్వని ఎక్కించేవాణ్ణి. మెట్టు ఆమె మోకాలికి అందుతుందా, గంప తలుపులో పడుతుందా, పట్టుకోడానికి కడ్డీ ఎక్కడుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన దగ్గర ఆడవాళ్లకి ఉచితం అయ్యాక పల్లె వెలుగుల్లో ఈ మెట్టు సంగతి ఇంకా తెలిసొచ్చింది. సిటీ బస్సుల ఫ్లోరు ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలు చెప్తారు, మీ రోడ్డు మీద నీళ్లు ఎంత నిలుస్తాయో చూసి ఎంచుకో, ఫొటో చూసి ఎంచుకోకు. సముద్రం దగ్గరైతే తుప్పు సంగతి విడిగా అడుగు, భావనపాడు వైపు తిరిగిన బస్సు కింద పడుకుని చూసినవాడికి ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుస్తుంది. మొదటి వానకి పైకప్పు కారుతుందో లేదో, పైపుతో నీళ్లు కొట్టించి లోపల నువ్వే కూర్చో. డ్రైవర్ సీట్లో ఎనిమిది గంటలు కూర్చున్నవాడి నడుము సంగతి అడిగి రాసుకో.

రెండో పేజీలో ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిదిలోపు, ఆ తర్వాత మీ అత్త సీరియల్. పైడితల్లి పండక్కి రా, ఒకరోజు ముందే రా. రాత్రి పదింటికి నిన్ను గ్యారేజీకి తీసుకెళ్తాను. కొత్త చెప్పులు వేసుకోకు, నేలంతా ఆయిలే.

మీ మావయ్య,
విజయనగరం