నాలుగేళ్లు చదివి డబ్బాల కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. తర్వాత ప్యాకేజింగ్‌లో రెండేళ్ల డిప్లొమా చేస్తానంటోంది. ‘నాలుగేళ్లు చదివి చివరికి డబ్బాల కోర్సా’ అని మావారి వైపు వాళ్లు నవ్వుతున్నారు. మావారు బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. మా తమ్ముడు తణుకులో క్యాటరింగ్ చేస్తాడు. చిన్న ఐస్‌క్రీమ్ యూనిట్ పెడితే పెళ్లిళ్లకు సరుకంతా తనే తీసుకుంటానంటున్నాడు. తన దగ్గర ఖాళీ పచ్చడి బకెట్లు, 10 లీటర్లవి, బోలెడున్నాయట. వాటిలో నింపి ఇస్తే ఖర్చు కలిసొస్తుందన్నాడు. అమ్మాయి ససేమిరా అంది. మామా మేనకోడళ్ల మధ్య మాటా మాటా పెరిగింది. మాకు ఏం చేయాలో తోచడం లేదు. 
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు బకెట్ల తగాదా తేల్చేద్దాం. అది తేలితే డిప్లొమా సంగతి కూడా సగం తేలుతుంది. ఎందుకంటే మీ అమ్మాయి ఆ రోజు మామతో చేసిన వాదనే రేపు ఏ కంపెనీలోనైనా ఆమెకు జీతమిచ్చి చేయించుకునే పని.

మీ తమ్ముడి లెక్క పూర్తిగా తీసిపారేసేది కాదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు ఒకసారి వాడిన రేకు డబ్బాలను మళ్లీ ఆహారానికి వాడొద్దంటాయి. కానీ 5 లీటర్లు, ఆపైన ఉన్న ప్లాస్టిక్ డబ్బాలను మళ్లీ వాడేటట్టయితే అవి గట్టిగా ఉండాలని, తేలిగ్గా శుభ్రం చేయగలిగేలా ఉండాలని అంటాయి. అంటే 10 లీటర్ల బకెట్ అన్నంత మాత్రాన తప్పు కాదు. తప్పంతా పచ్చడి దగ్గర వస్తుంది. ఆవకాయ నూనె, ఇంగువ, వెల్లుల్లి వాసన ప్లాస్టిక్ గోడల్లోకి ఇంకిపోతాయి. సబ్బు పెట్టి ఎన్నిసార్లు తోమినా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఐస్‌క్రీమ్‌లో ఉన్నది పాలకొవ్వు, చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా లాగేసుకునే గుణం దానికుంది. పెళ్లిలో వెనిలా నోట్లో పెట్టుకున్న పెద్దమనిషి మొహం ఒకసారి ఊహించుకోమనండి మీ తమ్ముణ్ని.

వాసన సంగతి అలా ఉంచినా, 10 లీటర్ల లోతు బకెట్ ఐస్‌క్రీమ్‌కు పనికిరాదు. మెషీన్‌లోంచి వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ మెత్తగా, ఇంకా జారేలా ఉంటుంది. దాన్ని డబ్బాల్లో నింపి వెంటనే బాగా చల్లటి గాలి వీచే గదిలో పెట్టి, నడిమి భాగం కూడా మైనస్ 18 డిగ్రీలకు చేరేదాకా గట్టిపరచాలి. పెద్ద ప్లాంట్లలో ఆ గది మైనస్ 30 కంటే కింద ఉంటుంది. ఈ పని ఎంత త్వరగా అయితే మంచు పలుకులు అంత సన్నగా ఉంటాయి. డబ్బా మందం రెట్టింపైతే గట్టిపడే సమయం రెట్టింపును మించిపోతుంది. లోతు బకెట్‌లో అంచులు రాయిలా అయిపోయినా నడుమ ఇంకా మెత్తగానే ఉంటుంది, ఆ ఆలస్యంలోనే పలుకులు పెద్దవవుతాయి. మామూలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరుద్దామనుకుంటే మరీ ఘోరం. అందుకే బల్క్ సరుకుకు బజారులో 4, 5 లీటర్ల డబ్బాలే ఎక్కువగా తిరుగుతాయి. అవి కూడా లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉంటే మంచిది.

మూడో కారణం ఫంక్షన్ హాల్లో కనిపిస్తుంది. వడ్డించే కుర్రాళ్లు బకెట్ మూత తీసి బల్ల మీద పెడతారు. మొదటి పంక్తి లేచి రెండో పంక్తి కూర్చునేదాకా అది అలాగే ఉంటుంది. మిగిలిన సగాన్ని తిరిగి ఫ్రీజర్‌లో తోస్తారు. వేడెక్కినప్పుడు సన్న పలుకులు కరిగి నీరవుతాయి. మళ్లీ చల్లబడ్డప్పుడు ఆ నీరు కొత్త పలుకులుగా మారదు, ఉన్న పెద్ద పలుకులకే అంటుకుంటుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే నాలుక మీద గరగరలాడుతుంది. పరిశ్రమలో దీన్ని హీట్ షాక్ అంటారు. దీనికి విరుగుడు ఒక్కటే, తెరిచిన డబ్బా ఆ పూటకు ఖాళీ అయిపోవాలి. 4 లీటర్ల డబ్బాలో కాగితం మీద 100 మిల్లీలీటర్లవి 40 వడ్డింపులు. స్కూపు నొక్కినప్పుడు లోపలి గాలి కొంత పోతుంది కాబట్టి నిజంగా వచ్చేవి తక్కువే. ఒక పంక్తికి ఒకటో రెండో తెరిస్తే సరిపోతుంది.

గాలి అన్నాను కదా, ఐస్‌క్రీమ్ వ్యాపారంలో దాగుడుమూతలన్నీ ఆ గాలితోనే. తయారీలో లోపలికి ఎక్కించే ఆ గాలినే ఓవర్‌రన్ అంటారు. గాలి ఎక్కువైతే లీటరు బరువు తగ్గుతుంది. నిబంధనల ప్రకారం ‘ఐస్‌క్రీమ్’ అని రాసి అమ్మేదానిలో పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, లీటరు బరువు 525 గ్రాములకు తగ్గకూడదు. ఆ లెక్కన 4 లీటర్ల డబ్బాలో డబ్బా బరువు తీసేశాక 2 కిలోల 100 గ్రాములైనా తూగాలి. మీ తమ్ముడు ఇప్పుడు ఎవరి దగ్గరో కొంటున్న డబ్బా ఒకటి కాటా మీద పెట్టి చూడమనండి. మీ అమ్మాయి చదువు విలువ ఆయనకు ఆ కాటా దగ్గరే తెలియొచ్చు.

ఇక ఏ ప్లాస్టిక్? డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె కనిపిస్తే పాలీప్రొపిలీన్ అని, వేడికి చలికి దేనికైనా పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పెళుసెక్కడం మొదలెడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బా చేయి జారితే మూలన పెటేలుమని చీలుతుంది. స్కూపు గట్టిగా తగిలితే అంచు నుంచి పెచ్చు లేచి ఐస్‌క్రీమ్‌లో పడుతుంది, తెల్ల డబ్బా, తెల్ల వెనిలా, ఎవరికీ కనపడదు. ఐస్‌క్రీమ్‌కు కావాల్సింది చలికి తట్టుకునేలా చేసిన కోపాలిమర్ రకం. దాని మీదా 5 అంకే ఉంటుంది! అంకె చూసి తేల్చలేం, సరఫరాదారు చేత ఇది ఫ్రీజర్‌కు తగిన గ్రేడ్ అని కాగితం మీద రాయించుకోవాలి. 2 అంకె ఉండే హెచ్‌డీపీఈ చలికి బాగానే ఆగుతుంది. 6 అంకె పాలీస్టైరీన్ కప్పులు మెరుస్తూ అందంగా ఉంటాయి కానీ పటపట విరుగుతాయి, బల్క్ నిల్వకు వద్దే వద్దు.

గుండ్రటి డబ్బా చూడ్డానికి బాగుంటుంది. ఫ్రీజర్‌లో పక్కపక్కన పేర్చితే మాత్రం ఐదో వంతు చోటు ఖాళీగా పోతుంది. నెలనెలా కరెంటు బిల్లు కట్టేది ఆ ఖాళీకి కూడా. మూలలు వంపు తిరిగిన చదరపు డబ్బా అయితే చోటు కలిసొస్తుంది, స్కూపు మూలల్లోకి వెళుతుంది. గట్టిపరిచేటప్పుడు మాత్రం డబ్బాల మధ్య గాలి ఆడే సందు వదలాలి. గట్టిపడ్డాకే ఒకదాన్నొకటి ఆనించి పేర్చుకోవాలి. పారదర్శకమైన డబ్బాలు కూడా నాకు నచ్చవు, షాపు లైటు వెలుగుకు కొవ్వు రుచి చెడి అట్టముక్క వాసన వస్తుంది.

హైదరాబాద్ ఐస్‌క్రీమ్ షాపుల్లో అద్దాల వెనక కనిపించే పొడవాటి స్టీలు పాన్‌లు ఉంటాయి చూడండి, 5 లీటర్లు పట్టేవి, అవి చూపించి అమ్ముకోవడానికే. మీకు అనవసరం. 

కప్పుల్లో ఇచ్చే ఆలోచన ఉంటే, లోపలా బయటా రెండు వైపులా పూత ఉన్న పేపర్ కప్పులు కొనండి. ఒకవైపే పూత ఉంటే మన కోస్తా ఉక్కకు బయట నీరు పట్టి కప్పు మెత్తబడుతుంది. వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. మీ తమ్ముడి దగ్గర పాత నిల్వ ఉంటే అది కూడా తీసేయమనండి.

ఇప్పుడు చదువు సంగతి. ఇంతసేపూ చెప్పిందాన్ని పద్ధతిగా నేర్పే చోటే మీ అమ్మాయి చెబుతున్న డిప్లొమా. ఆ కోర్సు నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌ను 1966లో పెట్టారు, అది కేంద్ర వాణిజ్య శాఖ కింద నడుస్తుంది. ముఖ్య కార్యాలయం ముంబయి, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. డబ్బాలోంచి ఆహారంలోకి ఎంత పదార్థం దిగుతోందో కొలిచే పరీక్ష (పరిమితి కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు), ఎంత ఎత్తునుంచి పడితే ఆగుతుంది, ఎన్ని వరసలు పేర్చితే అడుగుది నలుగుతుంది, ఇలాంటివన్నీ అక్కడి పాఠాలు. నవ్వుతున్న మీ అత్తింటివాళ్లకు ఒక్క లెక్క చెప్పండి. డబ్బా బలం తగ్గకుండా ఒక్క గ్రాము ప్లాస్టిక్ తగ్గించగలిగితే, 10 లక్షల డబ్బాలకు ఒక టన్ను మిగులుతుంది. ఆ గ్రాము ఎక్కడ తగ్గించాలో తెలిసిన మనిషి కోసమే కంపెనీలు వెతుకుతాయి. డెయిరీలే అనుకోకండి, హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీలన్నిటికీ ప్యాకేజింగ్ విభాగం ఉంటుంది.

అయినా బీటెక్ అవగానే డిప్లొమాలో చేరడం నాకు అంత ఇష్టం లేదు. ముందు ఐస్‌క్రీమ్ చేసే ప్లాంటులో ఒక్క ఎండాకాలం సీజనైనా పనిచేయాలి. ప్రొడక్షనా, క్వాలిటీనా అని బేరాలు పెట్టుకోకుండా ఏది దొరికితే అది. ఏప్రిల్ నెలలో లారీ తలుపు తెరిచి లోడింగ్ ఆలస్యమైన రోజున ఏ డబ్బా ఏమైందో కళ్లారా చూసిన పిల్ల, తర్వాత క్లాసులో కూర్చుంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. డిప్లొమా ఆ తర్వాతి ఏడాది చేయొచ్చు. మీ వారి బ్యాంకు కోరిక మీద నాకు కోపం లేదు. బ్యాంకు ఆఫీసర్ (పీవో) పరీక్షకు 30 ఏళ్ల దాకా వయసుంటుంది, ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోదు. డెయిరీ టెక్నాలజీ డిగ్రీతో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకూ అర్హత ఉంది. సర్కారు ఉద్యోగమే కావాలంటే బ్యాంకు కన్నా అది ఆమె చదువుకు దగ్గర.

యూనిట్ మాత్రం ఇప్పుడే వద్దు. సరుకంతా ఒక్క మేనమామే కొంటాడంటే మొహమాటాల మధ్య బాకీ వసూలు చేయడం కష్టం. అదీగాక ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. ఫ్రీజర్ మాత్రం ఆ నెలల్లోనూ తిరగాల్సిందే, కరెంటు పోతే జనరేటర్ వేయాల్సిందే. పెళ్లిళ్లు లేని రోజుల్లో కొనే బేకరీలు, హోటళ్లు నాలుగైదు చేతిలో ఉంటేనే ఆ మాట ఎత్తండి.

సెలవులకు అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు ఓ పని చేయించండి. సరఫరాదారులు నమూనా డబ్బాలు ఇస్తారు, మూణ్నాలుగు రకాలు తెప్పించండి. మామ కొనే ఐస్‌క్రీమే వాటిలో నిండుగా సర్ది, పైన సన్న ప్లాస్టిక్ కాగితం ఆనించి, మూత పెట్టి మామ ఫ్రీజర్‌లోనే రెండు రోజులు ఉంచమనండి. పచ్చడి బకెట్ ఒకటి కూడా పక్కన పెట్టమనండి, పేచీ లేకుండా. తర్వాత ఒక్కోటీ తీసి నడుము ఎత్తునుంచి మూల కిందికి వచ్చేలా సిమెంటు నేల మీద వదలాలి. తడిచేత్తో లేబుల్ రుద్ది చూడాలి. మూత తీసి వాసన చూడాలి. వదిలేదీ, వాసన చూసేదీ మామ అయితే మంచిది. ఏ డబ్బా ఎలా చీలిందో అమ్మాయిని ఫొటోలు తీసి తేదీలతో రాసుకోమనండి. ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ, డిప్లొమా ఇంటర్వ్యూలోనూ చూపించుకోవడానికి పనికొస్తాయి.